సర్వరు ఎప్పుడొస్తాడు? ఐటీ శాఖ కార్యదర్శి గారికి ఐరాల నుంచి ఒక బహిరంగ లేఖ

ఐరాల,
చిత్తూరు జిల్లా.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఐటీ శాఖ కార్యదర్శి గారికి,



మొన్న మా నాయన వెంట ఒక ప్రభుత్వ కౌంటరు దగ్గరికి పోయినాను. ఏ ఊళ్ళో కౌంటరో రాయను. అక్కడ కూర్చున్న అమ్మాయి తప్పు అందులో ఏమీ లేదు. మాకంటే ముందు బెంచీ మీద ఒక పెద్దాయన ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో పట్టాదారు పాసుపుస్తకం. "సర్వర్ రాలేదు తాతా, కొంచేపు కూర్చో" అంది ఆ అమ్మాయి. గంట గడిచింది. ఆయన నావైపు తిరిగి, "ఆ సర్వరు యాడినుంచి రావాల నాయనా? చిత్తూరు బస్సుకేమన్నా వస్తాడా?" అని అడిగినాడు.

నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. మన వైపు సర్వరంటే హోటల్లో ఇడ్లీ తెచ్చేవాడు. కాణిపాకం గుడి వీధిలో టిఫిన్ చేసిన వాళ్ళెవరికైనా ముందు గుర్తొచ్చేది వాడే. ఆ లెక్కన పెద్దాయన అడిగిందాంట్లో తప్పేముంది? పిలిచినా పలకని సర్వరు ఎక్కడికి పోయాడో అడిగే హక్కు ఆకలైనవాడికి ఉంటుంది. సిగ్గెందుకంటే, ఆ జవాబులో కొంత నాకు తెలుసు.

నేను రాత్రిపూట సర్వర్లు కాస్తుంటాను. మా నాయన వేరుశెనగ చేనికి అడవిపందులు రాకుండా మంచె మీద కాపలా పడుకుంటే, నేను ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఎక్కడో ఉన్న కొన్ని వందల విండోస్ సర్వర్లకు కాపలా ఉంటాను. కరోనాలో ఇంటికొచ్చిన ఉద్యోగం మళ్ళీ నగరానికి పోలేదు. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. మీ శాఖకూ నాకూ లావాదేవీ ఏమీ లేదు. అయినా రాయడానికి కారణం ఉంది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనాయి, 2025 జనవరి 30న మనమిత్ర పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చినాయి. ఇప్పుడు మా మండలంలో కులం సర్టిఫికెట్ నుంచి కరెంటు బిల్లు దాకా ప్రతి పనీ ఏదో ఒక సర్వరు తలుపు తట్టాల్సిందే. ఆ తలుపుల మరమ్మతు గురించే ఈ ఉత్తరం. కొత్త తలుపులు పెట్టమని అడగడానికి కాదు.

కార్యదర్శి గారికి తెలియదని కాదు, పత్రికలో చదివేవాళ్ళ కోసం కొంచెం విడమరుస్తాను. ఇప్పుడు సర్వరంటే ఒక ఇనప పెట్టె కాదు. ఒక పెద్ద యంత్రంలో పది, ఇరవై, ఒక్కోసారి యాభై ఉత్తుత్తి యంత్రాలు కాపురముంటాయి. వాటినే వర్చువల్ మెషీన్లు అంటాం. అసలు యంత్రం హోస్టు, లోపల ఉన్నవి గెస్టులు. వింతేమిటంటే, గెస్టులో నడిచే విండోస్‌కి తాను అద్దెకున్నానన్న సంగతి పెద్దగా పట్టదు. డిస్కు తనదే, మెమరీ తనదే, గడియారం తనదే అనుకుంటుంది. ఇంటాయన పిలిస్తే దానికి వినబడదు. అందుకని గెస్టు లోపల ఒక చిన్న సాఫ్ట్‌వేర్ పెడతారు. వీఎంవేర్ అనే కంపెనీ వాళ్ళ ఇళ్ళలో దాన్ని వీఎంవేర్ టూల్స్ అంటారు. హైపర్-వీలో ఇంటిగ్రేషన్ సర్వీసెస్, కేవీఎంలో గెస్ట్ ఏజెంటు, వర్టయో డ్రైవర్లు. మీ డేటా సెంటర్లో ఏ కంపెనీ సరుకు నడిచినా ఇలాంటిది ఒకటి లోపల ఉండి తీరుతుంది.

చూడ్డానికి చిన్నదే గానీ దాని మీద ఉన్న బరువు చిన్నది కాదు. గెస్టుకు నెట్‌వర్క్ వేగంగా అందించే డ్రైవరు అందులోదే, డిస్కు డ్రైవరూ అందులోదే. హోస్టులో మెమరీ చాలకపోతే గెస్టు దగ్గర ఖాళీగా ఉన్నది అడిగి తీసుకునేది అదే. గౌరవంగా షట్‌డౌన్ చేయించేదీ అదే. వీఎంవేర్‌లో అది లేకుంటే బయటి నుంచి మీట నొక్కి ప్రాణం తీసినట్టు ఆర్పేయాల్సిందే. అన్నిటికంటే ముఖ్యం బ్యాకప్. నడుస్తున్న డేటాబేస్‌కు బ్యాకప్ తీసేముందు విండోస్‌తో మాట్లాడి, రాతలు ఒక్క క్షణం ఆపించి, అప్పుడు స్నాప్‌షాట్ తీయిస్తుంది. పెళ్ళిలో ఫొటో తీసేవాడు "అందరూ ఇటు చూడండి, కదలకండి" అంటాడు చూడండి, అదే పని. ఆ మాట అనేవాడు లేకుంటే ఫొటో వస్తుంది, కాకపోతే తాళి కట్టేవాడి చెయ్యి మసకగా ఉంటుంది. బ్యాకప్ ఉందనే ధీమాతో మూడేళ్ళు గడిపి, అవసరమైన రోజు తెరిచి చూస్తే ఆ మసకే మిగిలిన సందర్భాలు మా వృత్తిలో ఉన్నాయి.

గడియారం సంగతీ అంతే. గెస్టును కాసేపు ఆపి మళ్ళీ లేపితే దాని టైము వెనకబడుతుంది. టూల్స్ దాన్ని సరిచేస్తుంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాడి జరిగితే 6 గంటల్లో చెప్పాలి, 180 రోజుల లాగులు, అంటే యంత్రం రాసుకునే చిట్టాలు, దాచాలి, అన్ని యంత్రాల గడియారాలూ ఎన్ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల టైముకు కలపాలి. టైము తప్పిన లాగు పంచాయతీలో తడబడే సాక్షి లాంటిది. నిజమే చెబుతున్నా ఎవరూ నమ్మరు.

కాణిపాకం మా మండలంలోనే ఉంది. అక్కడి వినాయకస్వామి పెరుగుతూ ఉంటాడని, అప్పుడెప్పుడో చేయించిన వెండి కవచం ఇప్పుడు పట్టదని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మా సర్వర్లలో జరిగేది కూడా అదే. హోస్టు కొత్తదవుతుంది, దాని మీద గెస్టులను నడిపించే హైపర్‌వైజర్ కొత్తదవుతుంది, విండోస్‌కు నెలనెలా రెండో మంగళవారం ప్యాచులు వస్తాయి. లోపలి టూల్స్ మాత్రం యంత్రం పుట్టినరోజు తొడిగిన కవచంతోనే ఉంటుంది. ఎందుకు? విండోస్ చూసేవాళ్ళను అడిగితే "అది వీఎంవేర్ వాళ్ళ వస్తువు" అంటారు. వీఎంవేర్ చూసేవాళ్ళను అడిగితే "గెస్టు లోపలికి మేం పోకూడదు, అది విండోస్ వాళ్ళది" అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని ఊరికే అన్లేదు.

2025 మార్చి 25న ఆ గొడ్డు పుండు బయటపడింది. విండోస్‌లో నడిచే వీఎంవేర్ టూల్స్ 11, 12 వెర్షన్లలో ఒక లొసుగు ఉందని, 12.5.1కు మారాలని కంపెనీ ప్రకటించింది. తీవ్రత పదికి 7.8. లొసుగు ఇలాంటిది: ఆ వర్చువల్ మెషీన్ లోపల మామూలు లాగిన్ ఉన్నవాడు, పెద్ద అధికారం ఉన్నవాళ్ళు మాత్రమే చేయాల్సిన పనులు చేసేయగలడు. తాళంచెవి అక్కర్లేదు, గుమాస్తా గుర్తింపు కార్డు చాలు. అప్‌డేట్ చేయడం తప్ప తాత్కాలిక ఉపాయం ఏదీ లేదని కూడా అదే నోట్‌లో రాశారు. డేటా ఎంట్రీకి ఇచ్చిన పాస్‌వర్డు ఎంతమంది చేతులు మారుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మళ్ళీ మే 12న ఇంకో లొసుగు, 12.5.2 వెర్షన్. అంటే 48 రోజుల్లో రెండుసార్లు వందలాది యంత్రాల తలుపులు తట్టాల్సి వచ్చింది.

ఆ మే 12 అన్న తేదీ మా వృత్తిలో వాళ్ళకు ఇంకో కారణానికి గుర్తుంటుంది. 2017లో అదే రోజు, ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగే వాన్నాక్రై రాన్సమ్‌వేర్ ప్రపంచం మీద పడింది. అది పాకిన 150 దేశాలంటే దూరం మాట. మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు దానికి చిక్కాయి. ఆ వారంలోనే తిరుమల తిరుపతి దేవస్థానం ఆఫీసులో కొన్ని కంప్యూటర్లకూ సోకింది. తెర మీద 300 డాలర్లు అడుగుతూ ఎర్ర బొమ్మ. ఏడుకొండల వాడికే వడ్డీ కట్టమన్నట్టు అయింది అని అప్పుడు మావాళ్ళు జోకులేసుకున్నారు. జోకు కానిది ఏమిటంటే, దానికి మందు మార్చి 14నే మైక్రోసాఫ్ట్ ఇచ్చేసింది. మందు వచ్చిన 59 రోజుల తర్వాత జబ్బు వచ్చింది. మందు కొనడానికి డబ్బు కూడా అక్కర్లేదు. వేసేవాడే లేడు.

తర్వాత రెండేళ్ళకు, 2019 ఏప్రిల్ నెలాఖరున, తిరుపతి కేంద్రంగా ఉన్న మన దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, దాంతోపాటు తెలంగాణ డిస్కంల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్‌కు చిక్కాయి. ఆన్‌లైన్‌లో బిల్లు కట్టే దారి మూసుకుపోయింది. ఆ రోజుల్లో ఐరాలలో చాలామంది ఇంకా కౌంటరుకు పోయి కట్టేవాళ్ళు కాబట్టి మాకు నొప్పి తెలియలేదు. ఇప్పుడు అదే జరిగితే తెలుస్తుంది.

ఇంతవరకూ చదివి, "అయితే వెంటనే అన్నిటికీ అప్‌డేట్ వేసేయమని ఆర్డరిద్దాం" అని మీకు అనిపించవచ్చు. దయచేసి అలా మాత్రం ఇవ్వొద్దు. ఆ తప్పు నేను చేశాను, చెబుతాను.

ఒక రాత్రి, ఇలాగే ఒక హెచ్చరిక వచ్చింది. పైనుంచి ఒత్తిడి, తెల్లారేలోగా రిపోర్టు కావాలి. నేను సర్వర్ల పేర్లన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లో పెట్టి, పవర్‌షెల్‌లో నాలుగు లైన్ల స్క్రిప్టు రాసి, ఎంటర్ కొట్టాను. టూల్స్ దానంతటదే చడీచప్పుడు లేకుండా ఎక్కేలా ఆప్షన్లు ఇచ్చాను గానీ, "రీబూట్ చేయొద్దు" అన్న ఒక్క మాట రాయడం మరిచిపోయాను. చడీచప్పుడు లేకుండా ఎక్కించమంటే, అవసరమైతే చడీచప్పుడు లేకుండా రీబూట్ కూడా చేసుకోమని అర్థమట! రెండు నిమిషాల్లో 43 సర్వర్లు ఒకదాని వెనక ఒకటి కళ్ళు మూసుకున్నాయి. డేటాబేస్ ముందు పోయింది, దాని మీద ఆధారపడిన అప్లికేషన్ తర్వాత పోయింది, తిరిగి లేచేటప్పుడు మాత్రం అప్లికేషన్ ముందు లేచి డేటాబేస్ కోసం వెతుక్కుని మళ్ళీ పడింది. ఒకదానికి నెట్‌వర్క్ కార్డు కొత్తదిగా కనబడి, ఐపీ అడ్రసు పోయింది. మా అమ్మ పొద్దున పాలు పితికి లోపలికొచ్చేసరికి నేను అదే కుర్చీలో అదే చొక్కాతో ఉన్నాను. "ఏమప్పా, పందులు పడినాయా?" అంది. పడినాయి, కానీ దారి తీసింది నేనే.

ఆ రాత్రి నాది మతిమరుపు. మంచి కంపెనీల సరుకులోనూ మతిమరుపు ఉంటుంది. 2018లో వచ్చిన టూల్స్ 10.3.0 వెర్షన్‌ను వీఎంవేర్ వాళ్ళే వెనక్కి తీసుకున్నారు. వీఎంవేర్ హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ఐ 6.5 నడిచే హోస్టుల మీద అందులోని నెట్‌వర్క్ డ్రైవరు కనెక్షన్ తెంపేది, ఒక్కోసారి హోస్టునే ఊదారంగు తెరతో పడేసేది. హోస్టు పడితే గదులన్నీ ఒకేసారి కూలినట్టే. అదే సంవత్సరం మార్చిలో మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఒకటి విండోస్ 7, సర్వర్ 2008 ఆర్2 గెస్టుల్లో పాత నెట్‌వర్క్ కార్డు పక్కన పెట్టి కొత్తది పుట్టించి సెట్టింగులన్నీ మరిచిపోయేలా చేసింది. ఇక 2024 జులై 19 అందరికీ గుర్తే. కంప్యూటర్ భద్రత కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క ఫైలు మన టైము ప్రకారం పొద్దున 9:39కి బయల్దేరింది, 10:57కి వెనక్కి పిలిచారు. ఆ 78 నిమిషాల్లో దాన్ని అందుకుని కూలిన విండోస్ యంత్రాలు సుమారు 85 లక్షలు. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసు ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది. ఆ 85 లక్షలూ కాపలా బాగా ఉన్నవే. ఆలస్యం చేసిన వాళ్ళవి కావు.

అందుకే మావాళ్ళు అప్‌డేట్‌ను ముందు ఎవరికీ అవసరం లేని అయిదారు యంత్రాలకు వేస్తారు. రెండు రోజులు చూస్తారు. తర్వాత ఒక యాభైకి. జంటగా ఉన్న సర్వర్లలో ముందు ఒకదానికే. డేటాబేస్ ఆఖర్న. కొత్త కుండలో అన్నం ఒకేసారి వండి పెళ్ళికి పెట్టం కదా.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఈ ఉత్తరం రాయించింది ఒక అంకె: 3010.

విండోస్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించినా పని ముగిశాక అది ఒక అంకె చెప్పి పోతుంది. సున్నా అంటే అయింది. 3010 అంటే అయింది, కానీ రీబూట్ చేయాలి. టూల్స్‌లో డ్రైవర్లు మారితే సాధారణంగా వచ్చేది ఇదే. ఫైళ్ళు డిస్కు మీదికి చేరాయి, మెమరీలో నడుస్తున్నది మాత్రం పాత డ్రైవరే. నాకు వచ్చే రిపోర్టుల్లో, బహుశా మీకు వచ్చే రిపోర్టుల్లో కూడా, సున్నాకూ 3010కీ ఒకటే ఆకుపచ్చ రంగు. "సక్సెస్ 100 శాతం" అని రాసి ఉంటుంది. అబద్ధం కాదు. నిజమూ కాదు. కాణిపాకం కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి, "అన్ని సర్వర్లకూ అప్‌డేట్ వేశాము" అని ప్రమాణం చేయమంటే ఎంతమంది కాంట్రాక్టర్లు గట్టు దిగుతారో చూడాలని నాకొక చిన్న కోరిక. వేశారు సరే, రీబూట్ ఎప్పుడు చేశారు స్వామీ అని అడిగితే అప్పుడు మాట తడబడుతుంది.

రీబూట్ ఎందుకు చేయరంటే, చేయడానికి ఎవరూ టైము ఇవ్వరు కాబట్టి. పగలు చేస్తే కౌంటర్లు ఆగుతాయి. రాత్రి చేస్తే తెల్లారి లేవకపోతే ఎవరు జవాబు చెప్పాలని భయం. ఆపమని అడిగితే "ఇప్పుడు వద్దు, పథకం డబ్బులు పడుతున్నాయి" అంటారు. పథకం డబ్బులు పడని వారం ఏది?

ఈ విషయంలో మా ఊరి లైన్‌మన్ మనందరికంటే నయం. ఎల్సీ, అంటే లైన్ క్లియర్, తీసుకోకుండా అతను స్తంభం ఎక్కడు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, లైను ఆపారని ఖాయం చేసుకుని, అప్పుడు ఎక్కుతాడు; పని అయ్యాక దిగి, ఆ తర్వాతే ఎల్సీ తిరిగిస్తాడు. "రేపు ఉదయం 9 నుంచి 12 దాకా లైన్ల మరమ్మతు, కరెంటు ఉండదు" అని ముందురోజు పేపర్లో పడుతుంది. జనం తిట్టుకోరు. మిక్సీ పని ముందే చేసుకుంటారు, ట్యాంకు ముందే నింపుకుంటారు. సర్వర్లకు కూడా అలాంటి ఎల్సీ ఒకటి కావాలి. నెలలో ఒక ఆదివారం, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఈ సేవలు ఉండవు అని సచివాలయం బోర్డు మీద రాస్తే, మనమిత్రలో ముందురోజు ఒక మెసేజ్ పెడితే, ఆ పెద్దాయన బస్సుచార్జీ మిగులుతుంది. మంగళవారం పొద్దున చెప్పకుండా పడిపోయేదాని కంటే ఆదివారం రాత్రి చెప్పి ఆపేది మేలు.

ఇంకో మాట. గొలుసుకట్టు చెరువులున్న సీమ మాది. చెరువుకు నీరుగంటి అని ఒకడుండేవాడు. తూము తెరిచేది వాడే, కట్ట మీద ఎలుక బొరియ చూసేది వాడే, మొరవ పోయే రోజు రాత్రంతా కట్ట మీద ఉండేది వాడే. కళ్ళంలో అతని మేర, అంటే గింజల్లో వాటా, అతనికి కొలిచి తీసేవాళ్ళు. పూడిక తీయడానికి, కట్టకు మన్ను వేయడానికి ఊరంతా రావాల్సిందే. మద్రాసు రాజ్యంలో దాన్ని కుడిమరామత్తు అన్నారు. రాని వాళ్ళ మీద తెల్లదొరలు 1858లో చట్టం కూడా తెచ్చారు. చెరువు తవ్వించిన రాజు పేరు శాసనంలో ఉంటుంది, నీరుగంటి పేరు ఉండదు. అయినా ఊళ్ళో అందరికీ అతనెవరో తెలుసు. నీళ్ళు రాకపోతే ఎవరింటికి పోవాలో తెలుసు.

మా టెండర్లలో నీరుగంటి లేడు. నేను చూసిన ఒప్పందాల్లో కొత్త అప్లికేషన్‌కు పేజీలకు పేజీలు ఉంటాయి, "నిర్వహణ" అన్న మాటకు ఒక పేరా ఉంటుంది. అందులో గెస్టు లోపలి సాఫ్ట్‌వేర్ ఎవరిదో రాసి ఉండదు. దాన్ని రాయించండి. ఈ యంత్రం విండోస్ ఎవరిది, టూల్స్ ఎవరిది, రీబూట్‌కు సరే అనాల్సింది ఎవరు, లేవకపోతే రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తాల్సింది ఎవరు. కంపెనీ పేరు చాలదు, మనిషి హోదా కావాలి. అతని మేర అతనికి ఇవ్వండి. ఏమీ జరగని సంవత్సరానికి కూడా ఇవ్వండి, ఎందుకంటే ఏమీ జరగకుండా ఉండటమే అతని పని.

దీనికి కొత్త డాష్‌బోర్డు అక్కర్లేదు, దయచేసి పెట్టొద్దు కూడా. వచ్చే సమీక్షలో, స్లయిడ్లన్నీ అయ్యాక, ఎదురుగా కూర్చున్న వాళ్ళను రెండు ప్రశ్నలు అడగండి చాలు. మన గెస్టుల్లో అన్నిటికంటే పాత టూల్స్ వెర్షన్ ఏది? రీబూట్ కోసం ఎదురుచూస్తున్న సర్వర్లు ఎన్ని, అందులో అన్నిటికంటే పాతది ఎన్నాళ్ళ నుంచి? జవాబు అంకెలో రావాలి. "దాదాపు అన్నీ అయిపోయినాయి సార్" అంటే కాలేదని అర్థం. నేను కూడా మా పైవాళ్ళకు అలాగే చెబుతుంటాను కాబట్టి నాకు తెలుసు.

ఈ ఉత్తరం ముగించేసరికి రాత్రి ఒంటిగంటన్నర అయింది. మా నాయన చేలో టార్చి లైటు ఇటూ అటూ తిరుగుతోంది. నా జాబితాలో ఇంకా 11 సర్వర్లు 3010 మీదే ఉన్నాయి. ఆదివారం రాత్రి రెండింటికి వాటికి టైము దొరికింది. మీ జాబితాలో ఎన్ని ఉన్నాయో అడిగి తెలుసుకోండి.

ఇట్లు,
ఐరాల మండలం నుంచి
ఒక సర్వర్ల కాపలాదారు